ఆ స్కాలర్‌షిప్ నాకు ఎందుకొచ్చింది అక్కా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. అమెరికా కాలేజీల్లో ఇచ్చే డైవర్సిటీ స్కాలర్‌షిప్‌లు. వచ్చినవాళ్లకి ఒక రకం బాధ, రానివాళ్లకి ఇంకో రకం బాధ, తల్లిదండ్రులకి లెక్కల గొడవ. నేను కూడా అలాంటి ప్రోగ్రామ్‌లోనే నాలుగేళ్లు చదువుకున్నాను కాబట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. ఉత్తరాలు కొంచెం కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: అక్కా, నేను ఇల్లినాయ్‌లో కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ల డైవర్సిటీ స్కాలర్స్ ప్రోగ్రామ్‌కి సెలెక్ట్ అయ్యాను. ఏడాదికి 6,000 డాలర్లు, ఒక మెంటర్, వారానికోసారి గ్రూప్ మీటింగ్. లిస్టు వచ్చిన రోజు ల్యాబ్‌లో నా ప్రాజెక్ట్ పార్ట్‌నర్ నవ్వుతూ "అమ్మాయిలకి ఈజీగా వస్తాయిలే" అన్నాడు. అప్పట్నుంచీ క్లాసులో చెయ్యెత్తాలంటే భయం. తప్పు చెప్తే "చూశారా, అందుకే" అనుకుంటారేమోనని. ఎవరికో రావాల్సిన డబ్బు నేను లాక్కున్నట్టు ఉంది. వెనక్కి ఇచ్చేద్దామా అనిపిస్తోంది.

జవాబు: ఇవ్వకు చెల్లీ. ముందు ఆ ఒక్క మాట ఒప్పుకో, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు వెనక్కిచ్చినా ఆ డబ్బు నీ పార్ట్‌నర్‌కి పోదు. మామూలుగా అదే ప్రోగ్రామ్ వెయిటింగ్ లిస్టులో నీ తర్వాత ఉన్నవాళ్లకి పోతుంది, వాళ్లని కూడా ఎవరో ఒకరు అదే మాట అంటారు.

నా మొదటి సెమిస్టర్ నోట్‌బుక్ ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది. ప్రతి పేజీ మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసి, చుట్టూ సున్నా చుట్టిన ప్రశ్నలు ఉంటాయి. క్లాసులో అడగాలనుకుని అడగనివి. ఒకసారి కూర్చుని లెక్కపెడితే నలభై దాటాయి. రికర్షన్‌లో (ఒక ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడంలో) బేస్ కేస్‌లు, అంటే అది ఆగాల్సిన చోట్లు, రెండు ఉంటే రాసే వరుస ఎప్పుడు ముఖ్యం అవుతుంది అన్నది వాటిలో ఒకటి. మిడ్‌టర్మ్‌లో సరిగ్గా అదే వచ్చింది, నాకు పది మార్కులు పోయాయి. క్లాసులో చెయ్యెత్తి ఉంటే అరనిమిషంలో తేలిపోయేది. నా వెనక వరసలో ఒకబ్బాయి ప్రతి క్లాసులో రెండు మూడు ప్రశ్నలు అడిగేవాడు, సగం చాలా చిన్న ప్రశ్నలు, ఎవరూ ఏమీ అనుకోలేదు. వాడు తప్పు చెప్తే వాడొక్కడి తప్పు. నేను తప్పు చెప్తే అమ్మాయిలందరి తప్పు, స్కాలర్‌షిప్ ఇచ్చినవాళ్ల తప్పు. అలా అని ఎవరూ నాతో చెప్పలేదు, కానీ నేను అలాగే బతికాను.

ఈ బరువు నీ ఒక్కదానిదే కాదు. 1995లో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకి కష్టమైన పరీక్ష ఒకటి పెట్టారు. కొందరితో ఇది మీ తెలివిని కొలిచే పరీక్ష అన్నారు, ఇంకొందరితో ఊరికే ప్రశ్నలు ఎలా సాల్వ్ చేస్తారో చూస్తున్నాం అన్నారు. తెలివి కొలుస్తున్నాం అని చెప్పినప్పుడు నల్లజాతి విద్యార్థుల మార్కులు, వాళ్ల పాత స్కోర్లని లెక్కలోకి తీసుకుని చూసినా, తగ్గాయి. మనవాళ్ల పేరు చెడుతుందేమో అన్న దిగులు కూడా పరీక్ష హాల్లో పక్కనే కూర్చుంటుందన్నమాట. తర్వాత ఇలాంటి ప్రయోగాలు చాలా జరిగాయి, అన్నిట్లోనూ అంత బలంగా కనిపించలేదు, దీని మీద ఇప్పటికీ వాదనలు ఉన్నాయి. కానీ నీ ఉత్తరం చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

ఇక "అమ్మాయిలకి ఈజీగా వస్తాయి" అన్న మాట. 1946లో జనానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌కి ప్రోగ్రామ్ రాసింది ఆరుగురు ఆడవాళ్లు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవాళ్లలో అమ్మాయిలు 1980ల మధ్యలో దాదాపు 37 శాతం. 2010 వచ్చేసరికి అది 18 శాతం దగ్గరికి పడిపోయింది. పాతికేళ్లలో అమ్మాయిల బుర్ర సగానికి తగ్గిపోదు కదా. ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లని మగపిల్లల ఆటవస్తువులుగా అమ్మారు, వాటితో ఆడుకుని వచ్చినవాళ్లనే మనసులో పెట్టుకుని మొదటి క్లాసులో పాఠం మొదలుపెట్టారు, మిగతావాళ్లు మొదటి నెలలోనే ఇది మనవల్ల కాదు అనుకున్నారు. కార్నెగీ మెలన్‌లో ఇది గమనించి, ముందు కోడింగ్ వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ వేరువేరు మొదటి కోర్సులు పెట్టారు, అడ్మిషన్‌లో ముందునుంచి కోడింగ్ అనుభవం ఉండటానికి ఇచ్చే ప్రాధాన్యం తగ్గించారు. 1995లో అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లలో అమ్మాయిలు 7 శాతం, 2000లో 42 శాతం. నువ్వున్న ప్రోగ్రామ్ లాంటివి పుట్టింది ఈ పడిపోయిన లెక్కని మళ్లీ పైకి తేవడానికి. అది ఎవరి సొమ్మో లాక్కోవడం కాదు.

నీ పార్ట్‌నర్‌కి ఇవన్నీ చెప్పాల్సిన పని లేదు. మళ్లీ అంటే, "అప్లికేషన్‌లో ఏమేం అడిగారో చూపిస్తా, చూస్తావా?" అను చాలు. ట్రాన్‌స్క్రిప్ట్, రెండు రికమండేషన్లు, ఎస్సేలు, ఇంటర్వ్యూ, అవన్నీ దాటి వచ్చావు. అమ్మాయి అన్న ఒక్క కారణానికే ఇచ్చేటట్టయితే మీ క్లాసులో అమ్మాయిలందరికీ రావాలి, రాలేదు కదా.

ఇంకొకటి. ఆరు వేలు ముఖ్యమే, కానీ నన్నడిగితే నీకు అంతకంటే విలువైంది ఆ వారానికోసారి గ్రూప్ మీటింగ్. 1970ల్లో బర్క్‌లీలో యూరి ట్రీస్‌మన్ అనే ఆయన ఒక సంగతి గమనించాడు. కాలిక్యులస్‌లో వెనకబడుతున్న నల్లజాతి విద్యార్థులు చదవక కాదు, బాగానే చదువుతున్నారు, కానీ ఎవరికి వాళ్లు గదిలో ఒంటరిగా. చైనీస్ కుటుంబాల పిల్లలు కలిసి కూర్చుని ఒకళ్ల లెక్క ఇంకొకళ్లు దిద్దుకుంటున్నారు, ఎక్కడ తప్పుపోయారో అదే రోజు తెలుసుకుంటున్నారు. ఆయన ట్యూషన్ పెట్టలేదు. మామూలు కంటే కష్టమైన లెక్కలిచ్చి గ్రూపులుగా కూర్చోబెట్టాడు, ఫలితాలు మారిపోయాయి. నా విషయంలోనూ అంతే జరిగింది. మా ప్రోగ్రామ్‌లో నలుగురం ఆదివారం రాత్రి లైబ్రరీ మూడో అంతస్తులో వైట్‌బోర్డు ఉన్న గది పట్టుకునేవాళ్లం. నా మార్జిన్ ప్రశ్నలు మొదట అడిగింది అక్కడే. రెండో సెమిస్టర్ సగానికి వచ్చేసరికి అదే ప్రశ్న ఇంకో ముగ్గురికీ ఉందని ముందే తెలిసేది కాబట్టి క్లాసులో చెయ్యెత్తడం ఏమంత కష్టం అనిపించలేదు. నువ్వు కూడా ఈ వారమే ఇద్దర్ని వెతుక్కో.

ప్రశ్న: నా జీపీఏ నాలుగుకి 3.9. నా క్లాస్‌మేట్‌ది 3.6. ఆమెకి స్కాలర్‌షిప్ వచ్చింది, నాకు రాలేదు. మా నాన్నకి ఇద్దరు పిల్లల కాలేజీ ఫీజులు, ఉద్యోగం హెచ్1బీ మీద. ఇది అన్యాయం అనుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదు తమ్ముడూ. నాన్నగారి వీసా టెన్షన్, రెండు ఫీజులు, అవన్నీ నిజమే, నీ కోపాన్ని తీసిపారేయను.

కానీ స్కాలర్‌షిప్ అంటే మార్కుల వరుసలో బహుమతి అని మనింట్లో నేర్పుతారు, ఇక్కడ చాలావాటికి అది కాదు లెక్క. బాస్కెట్‌బాల్ ఆడేవాడికి ఇస్తారు, ఫలానా కౌంటీలో పుట్టినవాళ్లకే ఇస్తారు, మిలిటరీలో పనిచేసినవాళ్ల పిల్లలకి ఇస్తారు. ఇచ్చేవాళ్లు ఒక పని పెట్టుకుంటారు, ఆ పనికి సరిపోయేవాళ్లని వెతుక్కుంటారు. 3.6, 3.9 రెండూ దాదాపుగా వాళ్లు పెట్టుకున్న గీత పైనే ఉంటాయి. ఆ గీత దాటాక జీపీఏ చూసే కమిటీలు తక్కువ, ఎస్సే, చేసిన పని చూస్తారు.

అర్హత రూల్స్ నువ్వు నిజంగా చదివావా, లేక పేరు చూసి అప్లై చేయకుండా వదిలేశావా? ఇది అడగడానికి కారణం ఉంది. మేరీలాండ్‌లో యూఎంబీసీ అనే యూనివర్సిటీలో మేయర్‌హాఫ్ స్కాలర్స్ ప్రోగ్రామ్ 1988లో మొదలైనప్పుడు నల్లజాతి అబ్బాయిల కోసమే. తర్వాత అమ్మాయిల్ని తీసుకున్నారు, 1996 నుంచి సైన్స్‌లో అందరికీ అవకాశం ఉండాలని కోరుకునే ఏ విద్యార్థయినా అప్లై చేయొచ్చు. ఇప్పుడు చాలా ప్రోగ్రామ్‌ల రూల్ ఇలాంటిదే. స్కూల్ పిల్లలకి ఉచితంగా కోడింగ్ నేర్పిన అబ్బాయి ఎస్సేకి వాటిల్లో చోటుంది.

నీకు సిటిజన్‌షిప్ గానీ గ్రీన్‌కార్డ్ గానీ ఉంటే, సైన్స్, ఇంజనీరింగ్ రీసెర్చ్ వైపు వెళ్లాలనుకుంటే, గోల్డ్‌వాటర్ స్కాలర్‌షిప్ చూడు, సంవత్సరానికి 7,500 డాలర్ల వరకు ఇస్తారు. నేరుగా అప్లై చేయడం కుదరదు, కాలేజీయే నామినేట్ చేయాలి, అందుకే మీ క్యాంపస్‌లో దాన్ని చూసేవాళ్లని ఆగస్టు, సెప్టెంబర్‌లోనే కలవాలి. నాన్నగారి హెచ్1బీ మీద హెచ్4లో (డిపెండెంట్ వీసాలో) ఉంటే మాత్రం ఫెడరల్ డబ్బు రాదు, డిపార్ట్‌మెంట్ వాళ్లు సొంతంగా ఇచ్చేలాంటివి చూసుకోవాలి. డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్లి అడుగు, వెబ్‌సైట్‌లో లేనివి కూడా అక్కడ దొరుకుతుంటాయి.

ఆ అమ్మాయితో స్నేహం పాడుచేసుకోవద్దు. ఆమె ఎస్సే ఎలా రాసిందో అడిగితే చెప్తుంది, వచ్చే ఏడాదికి అది నీకు పనికొస్తుంది.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి వచ్చే ఏడాది కాలేజీకి వెళ్తుంది. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డైవర్సిటీ స్కాలర్‌షిప్‌లన్నీ తీసేశారని ఒకరు, అసలు ఇండియన్స్‌కి ముందునుంచీ రావని ఇంకొకరు చెప్తున్నారు. ఏది నిజం?

జవాబు: రెండూ సగం సగం నిజం అండీ.

2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో, అడ్మిషన్లలో జాతిని చూడకూడదని తీర్పు ఇచ్చింది. అది అడ్మిషన్ల గురించి. కానీ స్కాలర్‌షిప్‌ల విషయంలోనూ చాలా యూనివర్సిటీలు జాగ్రత్త పడ్డాయి. మిస్సోరీలో అయితే అదే రోజు రాష్ట్ర అటార్నీ జనరల్ యూనివర్సిటీలకి లేఖ రాశారు, అక్కడి యూనివర్సిటీ సిస్టమ్ జాతిని చూసి ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఆపేస్తామంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ ఈ తీర్పు స్కాలర్‌షిప్‌లకీ వర్తిస్తుందని లేఖ పంపింది, దాని మీద కోర్టుకి వెళ్తే ఆగస్టులో మేరీలాండ్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆ లేఖని కొట్టేశారు. అసలు ఈ గొడవ కొత్తది కాదు. మేరీలాండ్ యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థులకి మాత్రమే ఇచ్చే బానెకర్ స్కాలర్‌షిప్‌ని 1994లోనే ఒక అప్పీల్ కోర్టు చెల్లదంది.

ఇప్పుడు జరుగుతున్నది ఏంటంటే, ఎక్కువ చోట్ల ప్రోగ్రామ్ ఉంది, పేరూ రూలూ మారాయి. "డైవర్సిటీ" తీసి "ఆపర్చునిటీ" అనో ఇంకేదో పెట్టారు. కాబట్టి పాత పేరుతో వెతికితే తీసేశారనే అనిపిస్తుంది.

ఇండియన్స్ సంగతి. సైన్స్, ఇంజనీరింగ్‌లో తక్కువమంది ఉన్న వర్గాల్లో రీసెర్చ్‌కి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఆసియన్లని చేర్చలేదు, అది నిజం. కానీ డైవర్సిటీ అంటే జాతి ఒక్కటే కాదు. టెక్నాలజీలో అమ్మాయిలకి ఉన్నాయి, వికలాంగులకి ఉన్నాయి, పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లకి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి, ఫస్ట్ జనరేషన్ వాళ్లకి ఉన్నాయి. ఫస్ట్ జనరేషన్ అంటే వలస వచ్చిన మొదటి తరం అనుకుని మనవాళ్లు చాలామంది టిక్కు పెట్టేస్తారు, అది కాదు. అమ్మానాన్నల్లో ఎవరికీ నాలుగేళ్ల డిగ్రీ లేకపోవడం. మా నాన్న పదో తరగతి, అమ్మ ఏడు. నాకు అలా వచ్చింది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. తన జాతి వల్ల జీవితంలో ఏం ఎదురైందో విద్యార్థి ఎస్సేలో రాసుకుంటే దాన్ని కాలేజీ చూడొచ్చని చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ అదే తీర్పులో రాశారు. అంటే మీ అమ్మాయి తను పెరిగిన తీరు గురించి రాయడానికి భయపడక్కర్లేదు. రాయక తప్పదని కూడా కాదు, దాని గురించి చివరి జవాబులో.

ప్రశ్న: స్కాలర్‌షిప్ ఉండాలంటే 3.2 ఉండాలి. ఈ సెమిస్టర్ 2.9 వచ్చింది. ఇంట్లో చెప్పలేదు. అయిపోయినట్టేనా?

జవాబు: కాలేదు. ఇవాళే ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కి నువ్వే మెయిల్ రాయి, వాళ్ల లిస్టులో నీ పేరు కనిపించేదాకా ఆగొద్దు. చాలా ప్రోగ్రామ్‌లు ఒక సెమిస్టర్ ప్రొబేషన్ ఇస్తాయి. అడిగినవాళ్లకే ఇచ్చేవి కూడా ఉన్నాయి. ఆ 3.2 ఈ సెమిస్టర్‌దా మొత్తానిదా చూసుకో, మొత్తానిదైతే నువ్వింకా పైనే ఉండొచ్చు. జబ్బు, ఇంట్లో సమస్య లాంటిది ఉంటే కాగితంతో సహా పెట్టు. ఫెడరల్ గ్రాంట్ రూల్ దీనికి వేరు, అక్కడ మామూలుగా 2.0 జీపీఏ, తీసుకున్న క్రెడిట్లలో 67 శాతం పాసవడం చూస్తారు, కాబట్టి అది ఇంకా పోయి ఉండదు. ఇంట్లో కూడా చెప్పు. మెయిల్ పంపాక చెప్పు, అప్పుడు "ఏం చేశావు" అంటే జవాబు ఉంటుంది.

ప్రశ్న: బయటి సంస్థ నుంచి 5,000 డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చిందని సంతోషపడ్డాం. కాలేజీ వాళ్లు తామిచ్చే గ్రాంట్‌లో సరిగ్గా 5,000 తగ్గించేశారు. ఇలా చేయొచ్చా? ఇంకో సంగతి, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్న మా మేనల్లుడికి స్కాలర్‌షిప్‌లో టాక్స్ పట్టుకున్నారట. స్కాలర్‌షిప్‌కి కూడా టాక్సా?

జవాబు: మొదటిదాన్ని స్కాలర్‌షిప్ డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు, పిల్ల కష్టపడి తెచ్చుకున్న డబ్బు చివరికి కాలేజీకి మిగులుతుంది. నాకు ఈ పద్ధతి మీద చాలా కోపం. ఇది తప్పని మొదట చట్టం చేసింది మేరీలాండ్, 2017లో, అది కూడా అక్కడి ప్రభుత్వ కాలేజీలకి. ఆ తర్వాత న్యూజెర్సీ, వాషింగ్టన్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలూ చట్టాలు చేశాయి, ఒక్కో చోట ఒక్కో పరిమితి ఉంది.

చట్టం లేని చోట కూడా అడగడానికి దారి ఉంది. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి వెళ్లి "గ్రాంట్ తగ్గించకండి, ముందు లోన్, వర్క్‌స్టడీ (చదువుకుంటూ పనిచేసి సంపాదించుకునే భాగం) తగ్గించండి" అని రాతపూర్వకంగా అడగండి. ఎయిడ్ లెటర్‌లో ఇంకా తీరని అవసరం అని ఏమైనా మిగిలి ఉంటే ఆ ఐదు వేలు అక్కడికి వేయమనండి. కాలేజీ ఒప్పుకోకపోతే స్కాలర్‌షిప్ ఇచ్చిన సంస్థకే రాయండి. కొందరు డబ్బుని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు, రెండేళ్లకి పంచుతారు. తాము ఇచ్చింది పిల్లకి చేరలేదంటే వాళ్లూ ఊరుకోరు.

టాక్స్ సంగతి. డిగ్రీ చదివేవాళ్లకి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకి కావాల్సిన పుస్తకాలకి వాడిన స్కాలర్‌షిప్ మీద టాక్స్ లేదు. హాస్టల్ గదికి, భోజనానికి వెళ్లిన భాగం మీద ఉంది, ఇది సిటిజన్స్‌కి కూడా. ఎఫ్1 వాళ్లు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు టాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్లు, కాబట్టి ఆ భాగం మీద కాలేజీ ముందే 14 శాతం పట్టుకుంటుంది, 1042ఎస్ అనే ఫారం ఇస్తుంది. అది చూసి పోయిందనుకోకూడదు. ఇండియా, అమెరికా టాక్స్ ఒప్పందం 21వ ఆర్టికల్ ప్రకారం మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు, వేరే దేశాల నాన్‌రెసిడెంట్లలో దాదాపు ఎవరికీ ఇది లేదు. వేరే ఆదాయం పెద్దగా లేకపోతే 1040ఎన్‌ఆర్ అనే నాన్‌రెసిడెంట్ల టాక్స్ రిటర్న్ ఫైల్ చేస్తే పట్టుకున్నది చాలావరకు తిరిగొస్తుంది. మీ మేనల్లుడు రిటర్న్ వేయకుండా వదిలేశాడేమో కనుక్కోండి, మూడేళ్ల లోపు అయితే ఇప్పుడైనా వేయొచ్చు.

ప్రశ్న: అక్కా, నేను జూనియర్‌ని (మూడో సంవత్సరం), మా ప్రోగ్రామ్ డోనర్ల డిన్నర్ ఇంకా పద్దెనిమిది రోజుల్లో ఉంది. ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. డైరెక్టర్ చాలా మంచావిడ, కానీ నా ఎస్సేలో ఉన్నట్టు నాన్న ఉద్యోగం పోయిన ఏడాది గురించి, అమ్మ ఇళ్లు శుభ్రం చేయడం గురించి చెప్తే అందరి మనసూ కదులుతుంది అన్నారు. సరే అన్నాను. అమ్మానాన్నల్ని కూడా పిలిచారు. ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదు. వాళ్ల డబ్బుతో చదువుకుంటూ కాదంటే కృతజ్ఞత లేనట్టు కాదా?

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టేశాను, మూడో రోజు గానీ జవాబు రాయలేకపోయాను.

నా ఫస్టియర్ డిన్నర్‌కి మా నాన్న వచ్చారు. ఆయన గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ చేసేవారు, ఆ రోజు కోసం షిఫ్ట్ మార్చుకున్నారు, పెళ్లిళ్లకి వేసుకునే కోటు వేసుకున్నారు. ప్రతి టేబుల్ మీద నిలబెట్టిన ఒక కార్డు ఉంది, దాని మీద నా ఫోటో, కింద నా ఎస్సేలోంచి తీసిన ఒక వాక్యం. మా నాన్న తుపాకీ చూపించి దోచుకున్నవాళ్లని రెండుసార్లు చూశారు, అయినా మర్నాడు పనికి వెళ్లారు, అని. నేనే రాశాను, పదిహేడేళ్ల వయసులో, రాత్రి ఒంటిగంటకి, ఆ వాక్యం పడితే స్కాలర్‌షిప్ వస్తుందని తెలిసి రాశాను. నాన్న ఆ కార్డు చేతిలోకి తీసుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివారు. చదివి, బోర్లా పెట్టి, దాని మీద మంచినీళ్ల గ్లాసు పెట్టారు. డిన్నర్ అయ్యేదాకా ఆ గ్లాసు తీయలేదు. కారులో వస్తుంటే ఒక్కటే అడిగారు, "రెండోసారి సంగతి మీ అమ్మకి తెలీదు, నువ్వు చెప్పావా?" అని. అమ్మకి ఆయన చెప్పలేదని నాకూ తెలీదు.

అది ఎవరూ చెడు ఉద్దేశంతో చేసింది కాదు. ఆ ప్రోగ్రామ్ లేకపోతే నా చదువు లేదు, ఈ మాట నేను ఎక్కడైనా చెప్తాను. కానీ ఆ కథలో సగం మా నాన్నది, ఆయన్ని ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు.

ఎస్సే రాసినప్పుడు నువ్వు ఒక కమిటీకి చెప్పావు, వాళ్లు నిర్ణయం తీసుకోవడానికి. అది స్టేజీ మీద చెప్తానని ఒప్పుకోవడం కాదు. నీ చదువు రికార్డుల్లో ఉన్నవి నీ రాతపూర్వక అనుమతి లేకుండా కాలేజీ బయటికి ఇవ్వకూడదని ఫెర్పా అనే 1974 నాటి చట్టం ఉంది, కొన్ని మినహాయింపులతో. నువ్వు చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో ఫోటోలకి, నీ మాటలు వాడుకోవడానికి ఒప్పుకునే ఫారం ఒకటి ఉండే ఉంటుంది. అది తీసి చదువు. ఇకముందు వాడొద్దని రాసివ్వొచ్చేమో అడుగు, చాలా చోట్ల ఒప్పుకుంటారు.

కృతజ్ఞత గురించి అడిగావు. రెండో ఏడాది నన్ను మళ్లీ మాట్లాడమన్నప్పుడు నేను మా ఇంటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఎండాకాలం చేసిన ప్రాజెక్టు గురించి చెప్పాను. కళ్లు సరిగ్గా కనిపించనివాళ్లు బస్ టైమింగ్స్ ఫోన్‌లో వినేలా తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి తగ్గట్టు ఒక యాప్‌ని మార్చాం, ఒక్క బటన్‌కి పేరు పెట్టకపోతే ఆ ఫోన్ ఊరికే "బటన్, బటన్" అంటుందని అక్కడే వినిపించాను. డిన్నర్ అయ్యాక ఎనభై ఏళ్ల డోనర్ ఒకావిడ నా దగ్గరికొచ్చి, తనకి చూపు తగ్గుతోందని, ఆ ఫోన్‌లో ఆ సెట్టింగ్ ఎక్కడుందో చూపించమని అడిగింది. ఇరవై నిమిషాలు కూర్చుని చూపించాను. మొదటి ఏడాది నాతో మాట్లాడినవాళ్లంతా చెయ్యి పట్టుకుని "పాపం" అన్నట్టు చూసి వెళ్లారు, ఒక్కరూ నేను ఏం చదువుతున్నానో అడగలేదు. డబ్బు ఇచ్చినవాళ్లకి ఆ డబ్బుతో ఏం నేర్చుకున్నావో చెప్పడం కంటే కృతజ్ఞత ఏముంటుంది చెప్పు.

డైరెక్టర్‌కి రేపే రాయి. పెద్ద వివరణలు వద్దు. "మాట్లాడటం నాకు సంతోషమే. కానీ మా కుటుంబం గురించి కాకుండా నా ప్రాజెక్టు గురించి మాట్లాడతాను, టేబుళ్ల మీద పెట్టే కార్డుల్లో నా ఎస్సే వాక్యాలు వాడొద్దని కోరుతున్నాను" అని రాస్తే చాలు. మంచావిడ అన్నావు కాబట్టి అర్థం చేసుకుంటుందనే అనుకుంటున్నాను. కార్డులు డిన్నర్‌కి వారం పది రోజుల ముందే ప్రింటుకి వెళ్తాయి కాబట్టి రేపే అంటున్నాను.

ఒకవేళ నీకే ఇంటి సంగతి చెప్పాలని మనస్ఫూర్తిగా ఉంటే, అదీ తప్పు కాదు. అప్పుడు మాత్రం ఆ ఐదు నిమిషాలు రాసుకున్నది ముందు ఇంట్లో తెలుగులో చదివి వినిపించు, అమ్మ, నాన్న ఇద్దరూ ఉన్నప్పుడు. వాళ్లు తీసేయమన్న వాక్యం తీసేయ్. అమ్మగారు, "ఇళ్లు శుభ్రం చేస్తుంది అని కాదు, ముగ్గురిని పనిలో పెట్టుకుంది అని చెప్పు" అన్నా అనొచ్చు, అప్పుడు అదే చెప్పు.